జాతీయత: హక్కు, ఋణము

విశాఖపట్టణమున సముద్రతీరపు బాట ప్రక్కనున్న ప్రదర్శనశాలలో పేలని జపాను బాంబొకటి యున్నది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖ, కాకినాడ రేవులపై బాంబులు వేసిన నాటి గుర్తది. బాబూ రాజేంద్రప్రసాదుగారు 1941 జూన్ 21వ తేదీన శంకుస్థాపన చేసిన నౌకానిర్మాణశాల కూడ ఆ పట్టణముననే కలదు. పునాది పడి పది మాసములైనను నిండకమునుపే బాంబులు పడెను. ఆ పునాది జాతీయత పేరనే వేయబడినది. ఆ బాంబులును జాతీయత పేరనే విసరబడినవి. ఒకే మాట ఇంత భిన్నమైన ఫలముల నెట్లిచ్చినదో విచారించుట అవసరమని మా తలంపు.

1905లో జపాను రష్యాను జయించినప్పుడు ఆసియాఖండమంతయు తలయెత్తి చూచెను. పాశ్చాత్యులు అజేయులు కారని మన విద్యావంతులు నాడు తెలిసికొనిరి. 1907లో బిపినచంద్రపాలుగారు విశాఖ, రాజమహేంద్రవరము, మచిలీపట్టణము మున్నగు తావుల నుపన్యసించినప్పుడు ఆంధ్రయువకులలో రగిలిన యుత్సాహమునకు ఆ విజయము కూడ కొంత కారణము. కాని ఆ జపానే 1910లో కొరియాను మ్రింగెను. పిదప చీనాపై బడెను. తుదకు మన తీరమునకును వచ్చెను. మాజినీ బోధించిన జాతీయత ఇటలీని ఏకము చేసినది; ఆ ఇటలీయే ముస్సోలినీ నాయకత్వమున 1935లో అబిసీనియాపై దండెత్తినది. తన నేలపై తనకు గల హక్కును చాటినవారు బలము చేకూరగనే పరుల నేలపై గూడ హక్కు చెప్పజొచ్చిరి. హక్కును మాత్రమే ఎఱిగిన జాతీయతకు హద్దు లేదు.

ఇంకొక జాతీయత కలదు. మన సరకులు పరుల ఓడలలో, పరులు నిర్ణయించిన కిరాయిలకు పోవుట చూచి 1906లో చిదంబరం పిళ్లగారు తూత్తుకుడిలో స్వదేశీ నౌకాసంఘమును స్థాపించిరి. ప్రభుత్వము 1908లో ఆయనను కారాగారమున బెట్టెను, సంఘము నిలువలేకపోయెను. 1919లో సింధియా కంపెనీ మరల పూనుకొనెను. పరదేశపు కంపెనీలు కిరాయిలు తగ్గించి దాని నణచజూచినను అది నిలచినది. 1933 అక్టోబరు 7వ తేదీన విశాఖరేవున ప్రవేశించిన మొదటి ఓడ ఆ కంపెనీవారి ‘జలదుర్గ’యే. వాల్‌చంద్ హీరాచంద్‌గారి పూనికతో నిర్మితమైన శాలనుండి 1948 మార్చి 14వ తేదీన ‘జల ఉష’ను నెహ్రూగారు నీటికి విడిచిరి. ఆ ఎనిమిదివేల టన్నుల ఓడ ఏ దేశమును జయింపబోలేదు. మన సరకులు మోయుటకే బయలుదేరినది.

ఉక్కు కర్మాగారము విషయమున ఈ విచారణ మఱింత దగ్గఱకు వచ్చును. 1966 అక్టోబరులో అమృతరావుగారు నిరశనవ్రతము పూనిరి. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అను కేక ఊరూర మ్రోగెను. తుపాకి కాల్పులలో పలువురు ప్రాణములు గోల్పోయిరి. 1970 ఏప్రిల్ 17వ తేదీన ఇందిరాగాంధీగారు కర్మాగారమును ప్రకటించిరి. 1992లో అది జాతికి అంకితమయ్యెను. ఈ ఉద్యమము సంకుచితమైనదని నిందించినవారు లేకపోలేదు. ఆ నింద మాకు సమ్మతము కాదు. ఆంధ్రులు కోరినది దేశమున కంతకు పనికివచ్చు ఉక్కునే. తమ నేలపై దానిని పోయనిండనిరి, అంతియే.

అయితే ఆ నేల ఎవరిది? గాజువాక ప్రాంతపు గ్రామములలోని రైతులది. పొలములను, ఇండ్లను, పెద్దల సమాధులను విడిచి వారు తొలగిపోయిరి. నిర్వాసితుల చీటి చేతబట్టుకొని ఉద్యోగము కొఱకు దశాబ్దములు కాచుకొన్నవారు వారిలో కలరు. భూమి విడుచుట యన నేమో భూవసతి గల మా పాఠకులకు మేము వేఱుగ జెప్పనక్కఱలేదు. కేకలు వేసిన మనము హక్కును పొందితిమి; మౌనముగ భూమి నిచ్చినవారికి ఋణపడితిమి. మొదటిది మఱచినవారు లేరు. రెండవది జ్ఞాపకముంచుకొన్నవా రరుదు.

2021 జనవరి 27వ తేదీన కేంద్రప్రభుత్వము ఈ కర్మాగారపు వాటాలను పూర్తిగ విక్రయింప సూత్రప్రాయముగ నిశ్చయించెను. కార్మికులు, ప్రజలు ఆందోళన సల్పిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయము ప్రకటింపబడెను. నష్టము వచ్చిన సంస్థను ప్రజాధనముతో ఎంతకాలము పోషింతురని కొందఱడుగుదురు. అది అడుగదగిన ప్రశ్నయే. నష్టములను కప్పిపుచ్చుట దేశభక్తి కాదు. కాని సొంత ఇనుపగనులు లేకయే ఇన్నియేండ్లు నడచిన కర్మాగారమును గనులు గలవానితో సరిపోల్చుట న్యాయమును కాదు. లెక్క తీయువారు పూర్తిగ తీయవలెను. అందు గనుల లోటును చేరవలెను. భూమి నిచ్చినవారి బాకీయును చేరవలెను. ఆ బాకీ తీరకమునుపు వారి నేలను క్రయవస్తువుగ నెంచు నధికారము ఏ ప్రభుత్వమునకును లేదని మా దృఢాభిప్రాయము.

జెండాకు వందనము చేయుట సులభము. జాతి పేరు చెప్పి తీసికొన్నదానికి జాతి పేరనే బదులు చెప్పుట కష్టము. ఆ కష్టమునకు సిద్ధపడిన దేశమున జాతీయత ఓడలను గట్టును, ఉక్కును బోయును. సిద్ధపడని దేశమున అది మొదట స్వజనులను మఱచును, పిదప పొరుగువారిపై బడును. నిర్వాసితుల బాకీ తీర్చుటయే విశాఖలో మన జాతీయతకు నేటి పరీక్ష.