పొట్లంలోని పేరు

స్వస్థలాలకు పోయి వచ్చే మన కుటుంబాలకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ చిరపరిచితమే. ఒకసారి ఆ బండిలో సూరత్‌కు తిరిగివస్తూ, దారిలోని ఒక స్టేషనులో వేరుశనగల పొట్లం కొన్నాము. గింజలు అయిపోయిన పిమ్మట, అలవాటు చొప్పున కాగితాన్ని విప్పి చూశాము. అది ఒక విద్యార్థిని కళాశాలలో ప్రవేశం కోరుతూ సమర్పించిన దరఖాస్తు. పేరు, పుట్టిన తేదీ, కులం, తండ్రి వార్షికాదాయం, ఇంటి చిరునామా, ఫోను నంబరు, పై మూలన ఫొటో, సమస్తమూ అందులో ఉన్నవి. ఆ సంస్థ ఏదన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆ అమ్మాయి మన ఇంటి అమ్మాయే అయి ఉంటే ఏమన్న ప్రశ్న మాత్రం ఇల్లు చేరేవరకు మమ్మల్ని వదలలేదు.

ఈ ప్రశ్న సూరత్‌లోని తెలుగువారికి మరింత దగ్గరిది. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి వచ్చి మగ్గాలను నమ్ముకొని స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ అనేకం. వారి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడిపినది. ఆ కుటుంబాలలో ఉన్నత విద్యకు చేరిన మొదటి తరం వారు ఎందరో ఉన్నారు. 1965లో స్థాపింపబడి, 2004 నుండి వీర నర్మద్ పేరును ధరించిన ఇక్కడి విశ్వవిద్యాలయం కానివ్వండి, దేశంలోని మరొకటి కానివ్వండి, ప్రవేశం కోరిన విద్యార్థి తన వివరాలన్నిటినీ దాని చేతిలో పెట్టక తప్పదు. ఆ అప్పగింతలోనే నమ్మకం ఇమిడి ఉన్నది.

ఈ నమ్మకాన్ని నిలుపుకొనుటకు విద్యాసంస్థ రెండు పనులు చేయవలసి ఉన్నది. ఉంచవలసిన వాటిని పదిలంగా ఉంచుట మొదటిది. కాలం తీరిన వాటిని ఆనవాలు లేకుండా నాశనం చేయుట రెండవది. మార్కుల రిజిస్టరు మొదటి కోవకు చెందినది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి వదలిన నీటితో తాపీ నది పొంగి, ఈ నగరంలో అధిక భాగం మునిగినది. అటువంటి వేళ ఇంటిలోని పట్టా తడిసి పాడైనవానికి విశ్వవిద్యాలయపు రిజిస్టరు ఒక్కటే దిక్కు. ముప్పది ఏండ్ల తరువాత వచ్చి అడిగినా అది దొరకవలెను.

జవాబు పత్రాలు, ఆదాయ ధ్రువపత్రాల నకళ్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కుల జిరాక్సు ప్రతులు రెండవ కోవకు చెందినవి. వీటిలో ప్రతిదానికి ఒక గడువు ఉండవలెను. అయితే గడువుకు ముందే నాశనం చేయుట కూడా అన్యాయమే. తన జవాబు పత్రాన్ని చూచుకొను హక్కు విద్యార్థికి ఉన్నదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. నియమానుసారం ఆ పత్రాన్ని భద్రపరచవలసిన కాలం వరకే ఆ హక్కు వర్తించునని కూడా అదే తీర్పులో స్పష్టపరచినది. కనుక గడువు అన్నది విద్యార్థి హక్కుకే హద్దు గీయుచున్నది.

మన వంటి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల విషయంలో 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం మరింత కఠినమైనది. రికార్డులను నియమ విరుద్ధంగా నాశనం చేసిన వారికి ఐదేండ్ల వరకు జైలు, లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును. ఇరవై ఐదేండ్లు దాటిన రికార్డును తగిన మదింపు జరుపక నాశనం చేయరాదు. మరొకవైపు, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చినది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడినది. అమలు దశలవారీగా నిర్దేశింపబడినది. సేకరించిన ప్రయోజనం నెరవేరిన పిమ్మట, మరొక చట్టం ఉంచుమని కోరనంతవరకు, సమాచారాన్ని చెరిపివేయవలెనని ఈ చట్టం ఆదేశించుచున్నది. తగిన రక్షణ కల్పించని సంస్థపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించుటకు వీలున్నది.

ఇక నాశనం చేయు విధానాన్ని చూద్దాము. నాలుగు ముక్కలుగా చించి బుట్టలో వేసినంత మాత్రాన పని పూర్తి కాదు. 1979లో టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం ఆక్రమణకు గురైనప్పుడు, అక్కడి సిబ్బంది యంత్రంతో రహస్య పత్రాలను పొడుగాటి సన్నని పట్టీలుగా కత్తిరించిరి. ఆక్రమించినవారు ఆ పట్టీలను ఓపికగా పక్కపక్కన పేర్చి, తిరిగి అతికించి, పుస్తకాలుగా ప్రచురించిరి. పోగు పక్కన పోగు చేర్చి బట్ట నేయు ఊరిలో ఉంటున్న మనకు ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. అందుకే అడ్డంగాను నిలువుగాను కత్తిరించి కాగితాన్ని చిన్న చిన్న తునకలుగా మార్చు యంత్రాలను వాడుట మేలు. కాగితాలను మూటగట్టి పాతసామాను వర్తకునికి తూకానికి అమ్ముట ఎంతమాత్రం తగదు. బాధ్యతగల అధికారి ఎదుట పని జరగవలెను; ఏమేమి నాశనం చేసినదీ జాబితా శాశ్వతంగా మిగలవలెను.

కంప్యూటరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫైలును తొలగించినప్పుడు సాధారణంగా దాని చిరునామా మాత్రమే చెరుగును. దానిపై కొత్త సమాచారం పడేవరకు అసలు విషయం డిస్కులోనే ఉండును. పాత హార్డ్ డిస్కును బలమైన అయస్కాంత క్షేత్రంతో శుద్ధి చేయవచ్చును. పెన్ డ్రైవులకు, కొత్త తరహా ఎస్.ఎస్.డి. డిస్కులకు ఆ ఉపాయం పనిచేయదు. కార్యాలయాలలోని అనేక జిరాక్సు యంత్రాలలో సైతం హార్డ్ డిస్కు ఉండును. యంత్రాన్ని వేలం వేయు ముందు దానిని గుర్తుంచుకొనవలెను.

గృహిణులు, విద్యార్థులు కూడా ఈ విషయంలో చేయదగినది కొంత ఉన్నది. ఆధార్ నకలు ఇవ్వవలసినచోట, అంగీకరించినంతవరకు, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చును. జిరాక్సు ప్రతిపై ఎవరికి, ఎందుకు ఇచ్చినదీ తేదీతో సహా వ్రాయవచ్చును. ఇంటర్నెట్ సెంటరులో దరఖాస్తు నింపిన పిమ్మట, అక్కడ భద్రపరచిన ఫైలును మన ఎదుటనే తొలగింపజేయవచ్చును. పాత బ్యాంకు కాగితాలను పాత పేపర్లతో కలిపి అమ్మకుండుట అన్నిటికన్న సులభమైన పని.

ఆనాడు ఇల్లు చేరిన తరువాత ఆ దరఖాస్తును చిన్న ముక్కలుగా చించి, రాత్రంతా బకెట్టు నీటిలో నానవేసి, ఉదయం పిసికి ముద్దచేసితిమి. దానిని దాచవలసిన సంస్థ చేయని పనిని, దారిన పోయే ప్రయాణికులం చేయవలసివచ్చినది. మన బల్లపై ఉన్న ప్రతి దరఖాస్తు వెనుక అటువంటి ఒక అమ్మాయి ఉన్నదని తలచినచో, ఏ కాగితాన్ని ఎన్నాళ్లు ఉంచవలెనో, ఎట్లు పంపివేయవలెనో అడిగి తెలుసుకొనుటకు మనం వెనుకాడము. ఆ అమ్మాయి పేరు మాకు నేటికీ గుర్తున్నది. ఇక్కడ మాత్రం వ్రాయము.