తప్పు బంకుదేనా?

వేట నిషేధం ముగిసి మరబోట్లు కడలి మీదికి వెళ్ళిన తొలిరోజుల్లో నడిసంద్రంలో ఇంజను ఆగిందా, గిలకలదిండిలోనైనా నిజాంపట్నంలోనైనా ఒకటే మాట: "బంకువాడు నీళ్ళు కలిపాడు." కల్తీ లేదని నేననను. కానీ ప్రతిసారీ నేరం బంకు నెత్తిన రుద్ది, ట్యాంకును చూడకుండా వదిలేస్తున్నాం.

తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. సగం ఖాళీ ట్యాంకుతో బోటు రేవులో పడి ఉంటుంది. గాలిగొట్టంలోంచి చొరబడిన తేమ, రాత్రి చల్లబడిన రేకుకు చెమటలా పట్టి జారుతుంది. డెక్కు మీది మూతకు వాషరు అరిగిందా, రోహిణి కార్తెలో కురిసే గాలివాన నేరుగా లోపలికే. డీజిల్ కంటే నీరు బరువు కనుక అడుక్కి చేరుతుంది. అక్కడ ఇనుము తుప్పు పడుతుంది. నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు మడ్డి కడుతుంది. రేవులో ఇంజను నడిపి చూస్తే ఏమీ తెలియదు, మడ్డి కదలదు కదా! జూన్ అలల కుదుపుకి అదంతా లేచి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. డీజిల్ ముందురోజే కొట్టించాం కనుక నింద బంకుకు.

"స్టీలు ట్యాంకు వేయిస్తే జన్మకు సరి" అనేవాళ్ళూ ఉన్నారు. నిలవ ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ స్టీలుకూ వెల్డింగు అతుకుల దగ్గర సూదిబెజ్జాలు పడతాయి. అల్యూమినియం ట్యాంకుకు ఇత్తడి కాక్ బిగిస్తే, ఉప్పుతడి తగిలినచోట తినేసేది అల్యూమినియాన్నే. ప్లాస్టిక్కుకు తుప్పు లేదు, కానీ నీరు చేరడం దానికీ తప్పదు. పెట్రోలుతో నడిచే స్పీడు బోట్లది మరో తంటా: 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, పాత ఫైబర్ ట్యాంకులో రెసిన్‌ను మెత్తబరుస్తుంది.

నిషేధానికి ముందే ట్యాంకు నిండా కొట్టించమంటారు పుస్తకాలవాళ్ళు. రాబడి లేని రెండు నెలలకు అన్ని వేలు ట్యాంకులో పోసి ఎవరు కూర్చుంటారు? మన రేవుకు పనికొచ్చేది ట్యాంకు అడుగున, పల్లంలో, ఒక డ్రెయిన్ కాక్. జూన్‌లో కొత్త డీజిల్ పోయకముందే, బీడీ ఆర్పేసి, కాక్ తిప్పి ఒక గాజుసీసా పట్టండి. బంకు గొట్టం నుంచి నేరుగా రెండో సీసా పట్టండి. రెంటినీ కాసేపు కదపకుండా ఉంచండి. బంకు సీసాలో నీరు దిగితే ఫిర్యాదు రాయండి, నేనూ సంతకం పెడతాను. మొదటి సీసాలోనే దిగితే మాత్రం బంకువాణ్ణి తిట్టడం ఆపి, ట్యాంకు కడిగించండి.