గొట్టములో దాగిన గాలి

కళాశాల వార్షిక సంచికలో మోటారు కారు గొట్టాలలో చిక్కుకున్న గాలిని గూర్చి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. సాహిత్యానికో, సమాజ సేవకో కేటాయించదగిన పుటలను మెకానిక్కుల పనికి వెచ్చించడమేమిటని మా సహాధ్యాపకులే ఒకరు ప్రశ్నించారు. వారి యెడల గౌరవంతోనే మనవి చేస్తున్నాను: భౌతికశాస్త్ర తరగతిలో ఏళ్ల తరబడి చెబుతున్న పాఠం బజారులో ఎక్కడ నెగ్గుతున్నదో, ఎక్కడ ఓడుతున్నదో చూపడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

టర్బో అమర్చిన ఇంజను గాలిని ఊరక పీల్చుకొనదు, ఒత్తి నింపుకొంటుంది. ఒత్తిన గాలి వేడెక్కుతుందన్న సంగతి సైకిలు పంపు కొట్టిన బాలునికి సైతం అనుభవమే. మే నెలలో 40 డిగ్రీల గాలిని 1.8 రెట్ల పీడనానికి ఒత్తితే, స్థిరోష్ణక సూత్రం ప్రకారం దాని ఉష్ణోగ్రత దాదాపు 97 డిగ్రీలకు చేరుతుంది. నిజమైన యంత్రంలో నష్టాలు తప్పవు గనుక అది 120 దాటినా ఆశ్చర్యపడనక్కరలేదు. వేడి గాలి సాంద్రత తక్కువ. అందలి ప్రాణవాయువు కూడా ఆ మేరకు తక్కువే. పైగా పెట్రోలు అకాలంలో అంటుకొని ఇంజనులో దెబ్బలు మొదలవుతాయి. అందుకే ఆ గాలిని దారిలో చల్లబరచే ఇంటర్‌కూలర్ అవసరమైంది.

చాలా కార్లలో దీనిని ఎదురుగాలియే చల్లబరుస్తుంది. కొన్నింటిలో ఆ పని నీటికి అప్పగించారు. ఇంగ్లండులో 1989లో వచ్చిన లోటస్ ఎస్ప్రి టర్బో ఎస్‌ఈ కారులో ఇట్టి అమరిక ఉండేది. ఫోక్స్‌వాగన్ సంస్థ 2012లో తెచ్చిన ఈఏ211 టర్బో ఇంజన్లలో ఇంటర్‌కూలరును గాలి లోపలికి పోయే దారిలోనే ఇమిడ్చి, దానికి నీటి గొట్టాలు కలిపారు. ఆ తరగతి ఇంజన్లతో టైగూన్, కుషాక్ కార్లు 2021లోను, స్లావియా, వర్టస్ కార్లు 2022లోను మన దేశపు రోడ్ల మీదికి వచ్చాయి. అనగా ఇది ఇక పరదేశపు శ్రీమంతుల ముచ్చట కాదు.

ఆ వలయంలో ఒక చిన్న విద్యుత్ పంపు, కారు ముందు భాగాన ఒక రేడియేటరు, ఇంటర్‌కూలర్, కూలెంటు పోసే తొట్టి, వీటిని కలిపే గొట్టాలు ఉంటాయి. అందులో గాలి మిగిలితే రెండు విధాల చేటు. మొదటిది, ఒక డిగ్రీకి ఒక లీటరు నీరు మోసే వేడి, లీటరు గాలి మోసే వేడికి సుమారు 3,500 రెట్లు. రెండవది పంపు సంగతి. అపకేంద్ర పంపు కలిగించే పీడనం దానిలోని ద్రవ్యపు సాంద్రతను బట్టి ఉంటుంది. నీటితో పోలిస్తే గాలి సాంద్రత సుమారు 800వ వంతు. కావున గాలి చేరిన పంపు తిరుగుతుందే గాని నెట్టదు. ఈ సత్యం మన రైతుకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. ఫుట్‌వాల్వు కారి పైపులోని నీరు జారిపోయినప్పుడు, మోటారు ఎంతసేపు తిరిగినా చుక్క రాదని అతనికి తెలుసు. పంపులో బిందెడు నీళ్లు పోసి, గాలి పోయిన తరువాతనే స్విచ్చి వేస్తాడు.

గడచిన వేసవిలో మా బావమరిది కారు ముందు భాగానికి రాయి తగిలి ఇంటర్‌కూలర్ గొట్టం చిట్లింది. నగరంలోని ఒక పెద్ద వర్క్‌షాపువారు గొట్టం మార్చి, కూలెంటు పోసి, సాయంత్రానికల్లా కారు అప్పగించారు. తొట్టిలో ద్రవం గీత దాకా ఉంది. మరునాడు శ్రీశైలం ఘాటులో కారు ఎక్కలేక ఎక్కింది. “బావగారూ, పెట్రోలు కల్తీ అయి ఉంటుంది” అన్నాడతను. ముందున్న ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే నిలకడగా ఉంది. అది ఇంజను నీటిని చూపే ముల్లేగాని ఇంటర్‌కూలర్ నీటిని చూపేది కాదన్న సంగతి ఆ క్షణాన, భౌతికశాస్త్రం చెప్పే నాకు కూడా తట్టలేదు! వేడి గాలిని పసిగట్టిన కారు కంప్యూటరు నిప్పురవ్వను ఆలస్యం చేసి, టర్బో ఒత్తిడి తగ్గించి ఇంజనును కాపాడుతుంది. యజమానికి తెలిసేది శక్తి సన్నగిల్లడమొక్కటే.

తిరిగి వచ్చాక పాతబస్తీలోని ఒక ఉస్తాద్ వద్దకు వెళ్లాము. ఆయన బానెట్టు తెరిచి ముందుగా చేసిన పని వినడం. పంపు బొంగురుగా గురగురమంటున్నది. తరువాత టర్బో నుండి వచ్చే గొట్టాన్ని, ముందరి రేడియేటరును చేతితో తాకి చూశారు. ఒకటి కాలిపోతున్నది, రెండవది చల్లగా ఉన్నది. వేడి పుట్టిన చోటు నుండి పోవలసిన చోటికి పోవడం లేదన్నమాట. “పానీ కా లెవెల్ మత్ దేఖో సాబ్, అందర్ హవా హై” అన్నారు. ఆపై వర్క్‌షాపు బిల్లు అడిగి చూశారు. దానిపై రెండు లీటర్ల కూలెంటు అని ఉంది. కారు పుస్తకంలో ఆ వలయానికి చెప్పిన కొలత దాదాపు మూడు లీటర్లు. సాక్ష్యం మా జేబులోనే ఉండగా మేము పెట్రోలు బంకును నిందిస్తూ వచ్చాము.

ఇంజను పూర్తిగా చల్లారే దాకా ఆయన మూత ముట్టలేదు. కొన్ని కార్లలో ఈ వలయం ఇంజను నీటితో ఒకే తొట్టిని పంచుకొంటుంది. వేడి మీద తెరిస్తే ముఖం కాలుతుంది. తరువాత కారు ముందు చక్రాలను వాలు పలక పైకి ఎక్కించి, పోసే మూత అన్నిటికన్న ఎత్తున ఉండేటట్లు చేశారు. గాలి మీదికే పోతుంది గనుక దానికి మీదనే దారి చూపాలి. ఎత్తైన చోటనున్న గాలి మరను వదులు చేసి, కూలెంటును సన్నని ధారగా పోశారు. ఇంజను వేయకుండా తాళంచెవి మాత్రం తిప్పి పంపును కొన్ని నిమిషాలు తిప్పడం, ఆపడం, గొట్టాలను చేతితో పిండడం, బుడగలు వచ్చి పగిలే దాకా ఊరక నిలబడడం. మళ్లీ మొదలు. కొన్ని కార్లలో పంపును తిప్పడానికి కంప్యూటరు ఆజ్ఞ కావాలట. బుడగ లేని ధార వచ్చిన తరువాతనే మర బిగించారు. “నిండిన” వలయంలో మరో ముప్పావు లీటరు పట్టింది. మరునాడు చల్లారాక మళ్లీ చూసుకొని, తగ్గితే కలపమన్నారు. కారిన కూలెంటును గుడ్డతో తుడిచి నీళ్లు కొట్టించారు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యని విషం. పసిపిల్లలు, కుక్కలు నాకే ప్రమాదం ఉంది.

ఇక నా అభిప్రాయం. ఆ వర్క్‌షాపువారు చేతకానివారని నేననను. వారు వదిలివేసినది ఎవరూ చూడని, ఎవరూ డబ్బివ్వని ఒక గంట. గొట్టానికి ధర ఉంది, కూలెంటుకు ధర ఉంది, బుడగ కోసం వేచి ఉండడానికి బిల్లులో గడి లేదు. “ఇంకా ఎంతసేపు?” అని తొందరపెట్టే మనమూ ఇందులో భాగస్వాములమే. కావున గాలి తీసిన కూలిని బిల్లులో వేరుగా వ్రాయాలి. పోసిన ద్రవం కొలతను, పుస్తకంలోని కొలతను పక్కపక్కన చూపాలి. ఆ కూలి ఇవ్వడానికి యజమాని సణగకూడదు. శూన్యం కల్పించి కూలెంటును లోనికి లాగించే పరికరాలు వచ్చాయి గదా, ఇంకా ఈ తంటా ఎందుకని కొందరంటారు. ఉన్నచోట నిక్షేపంగా వాడవచ్చు. గొట్టం ఎక్కడైనా కారుతున్నదా అన్నది కూడా వాటితోనే తేలుతుంది. కాని ఆ పరికరం లేని వీధి షెడ్లలో బాగుపడే కార్లే మన ఊళ్లలో ఎక్కువ. పరికరం ఉన్నచోట సైతం కొలత సరిచూసే మనిషి ఉండాలి.

కళాశాల కార్యవర్గానికి నా మనవి చిన్నది. పారదర్శకమైన గొట్టం పది అడుగులు, పన్నెండు వోల్టుల చిన్న పంపు ఒకటి, కొలపాత్ర ఒకటి మంజూరు చేయండి. గొట్టాన్ని కావాలని ఎత్తుపల్లాలుగా వంచి, ఎక్కడ గాలి నిలుస్తుందో, పంపు ఎప్పుడు ఓడుతుందో విద్యార్థులు కండ్లారా చూస్తారు. ప్రయోగం చూపడానికి ఉస్తాద్ గారిని అతిథి అధ్యాపకునిగా పిలిచి, ఇతర అతిథులకు ఇచ్చే పారితోషికమే వారికీ ఇవ్వాలి. పట్టా లేదన్న అభ్యంతరం రావచ్చు. రైతుకూ పట్టా లేదు. నేను ఇప్పటికే వారిని అడిగాను. శుక్రవారం మినహా ఏ రోజైనా, పది గంటల లోపు అయితే వస్తామన్నారు.