దాహము లేని నీరు

వేసవి, వాన, చలి అను భేదము లేక, దాహముతో నిమిత్తము లేక, ఎంత నీరు త్రాగిన అంత ఆరోగ్యమని ఇట్టి పుటలలోనే నేనొకప్పుడు వ్రాసితిని. పాఠకులు కొందరు దానిని కత్తిరించి వంటింటి గోడకు అంటించుకొంటిమని ఉత్తరములు కూడ వ్రాసిరి. ఆ కాగితమును దయచేసి తీసివేయుడు. 2023 డిసెంబరులో ఒకనాడు అరకు ఘాటుపై సైకిలు త్రొక్కుచు, నా సలహాను నేనే అక్షరాలా పాటించి ఆసుపత్రి పాలైతిని.

ట్రయథ్లాన్ అనగా ఈత, సైకిలు, పరుగు ఈ మూడింటిని ఒకదాని వెంట నొకటిగా ఎడతెగక చేయు పోటీ. 1978లో హవాయి దీవులలో మొదలైన ఐరన్‌మ్యాన్ పోటీలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, 42.2 కిలోమీటర్ల పరుగు ఉండును. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో ప్రవేశించినది దానికంటె చాల చిన్నది. మా మేనల్లునికి ఈ పిచ్చి పట్టినది. విశాఖలో ఐదు దినముల శిక్షణ శిబిరమున్నది, రమ్మని పట్టుబట్టెను. "మామయ్యా, వ్యాయామం చెయ్యమని ఊరందరికీ చెబుతావు, నువ్వు రావా?" అనెను. ఆ మాట గ్రుచ్చుకొన్నది. అప్పటికి నా వయస్సు 56. వృద్ధుడు వ్యాయామము మానవలెనని వాగ్భటుడు చెప్పినమాట నిజమే. కాని అరువది దాటినగాని వార్ధక్యము రాదని చరకుడును, డెబ్బది దాటినగాని రాదని సుశ్రుతుడును చెప్పిరి. ఈ విషయమున నేను సుశ్రుతుని పక్షము.

మూడవనాడు విశాఖనుండి అరకునకు సైకిలు ప్రయాణము, సుమారు 115 కిలోమీటర్లు. తెల్లవారక మునుపే పదునలుగురము బయలుదేరితిమి. పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట వరకు దారి ఇంచుమించు చదును. మేము ఇద్దరిద్దరుగా బారు తీరి సాగితిమి. ముందువాని వెనుక చక్రమునకు మూరెడు దూరమున మన ముందు చక్రము నిలుపుకొన్నచో గాలి దెబ్బ అతడే తినును, మనకు శ్రమలో పాతిక పాలో అంతకంటె కొంచెము ఎక్కువో మిగులును. ఇది నేను వినియుంటినిగాని శరీరముతో తెలిసికొన్నది ఆనాడే. ముప్పది ఏండ్లవారితో సమానముగ పోవుచుంటినని గర్వపడితిని. ఆ గర్వములో సగము వారి వీపులదని అప్పుడు తోచలేదు.

ఘాటు మొదలగుటతో లెక్క మారినది. ఎక్కుడులో వేగము గంటకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లకు పడిపోవును. గాలి అడ్డు అంతగా ఉండదు, కావున ఒకరి వెనుక ఒకరు దాగుకొనుటవలన లాభము లేదు. ఎవరి బరువు వారిదే. మలుపు తిరిగిన ప్రతిసారి ముందువారు ఒక మెట్టు పైకి కనబడుచుండిరి. ఆగి విశ్రమించినచో నామోషీ. కనుక త్రొక్కుచుంటిని, త్రొక్కినంతసేపు త్రాగుచుంటిని. గంటకొక సీసా అని నియమము పెట్టుకొంటిని. సీసా ముప్పాతిక లీటరు. శిబిరమువారి బండి వెంట వచ్చుచుండెను, అడుగకయే నింపి ఇచ్చుచుండిరి. అది డిసెంబరు. అనంతగిరి కాఫీ తోటల నీడలో చలిగాలి వీచుచుండెను. చొక్కా సరిగా తడియనైనలేదు. దాహమన్నది లేనేలేదు. అయినను నియమము నియమమే కదా!

తిండి విషయమున మాత్రము నేను తప్పు చేయలేదని ఇప్పటికిని నమ్ముచున్నాను. యువకులు పొట్లములలోని తీపి లేహ్యములను పిండుకొని తినుచుండగా, నేను మా ఇంటినుండి తెచ్చుకొన్న నువ్వుల ఉండలు, అరటిపండ్లు, ఖర్జూరములు తింటిని. కండరములలోను కాలేయములోను నిలువయుండు పిండిపదార్థము సుమారు 400 నుండి 500 గ్రాములు మాత్రమే. అది తరిగిపోయినచో కాళ్ళు ఒక్కసారిగా చచ్చుబడును. గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థము లోనికి పోవుచున్నచో ఆ దుస్థితి చాలవరకు తప్పును. మధ్యరకము అరటిపండు ఒకటి సుమారు పాతిక గ్రాములిచ్చును. ఆనాడు నా కాళ్ళు కడవరకు పనిచేసినవి. చెడినది తల.

గాలికొండ చేరునప్పటికి తలనొప్పి మొదలైనది. అరకు చేరునప్పటికి ఎనిమిది గంటలు గడచినవి, ఎనిమిది సీసాలు, అనగా ఆరు లీటర్ల నీరు కడుపులో పడినది. సైకిలు దిగగానే వాంతియైనది. మేనల్లుని పేరు నోటికి రాలేదు. చుట్టు చేరినవారందరు, "మాస్టారికి ఎండదెబ్బ తగిలింది, నీళ్ళు పట్టించండి" అని కేకలు వేసిరి. ఒకామె సీసా నా నోటికి అందించెను. నేనును త్రాగబోతిని. శిక్షకుడు, ముప్పది ఏండ్లయిన నిండని కుర్రవాడు, ఆ సీసాను లాగివేసెను. నా వ్రేళ్ళు చూడుమని అందరికి చూపెను. ఉంగరము మాంసములో పూడుకొనిపోయియున్నది. గడియారపు పట్టీ మణికట్టును కోయుచున్నది. ఉదయమందరిని తూచిన కాటానే బండిలోనుండి దింపి నన్ను నిలువబెట్టిరి. ఉదయము 68 కిలోలు, ఇప్పుడు 69.2. కొండ ఎక్కివచ్చిన మనిషి బరువు పెరుగునా? "ఎండదెబ్బ కాదండీ, నీళ్ళదెబ్బ. ఒక్క చుక్క కూడా ఇవ్వొద్దు" అనెను.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయగా సోడియము 127 అని తేలినది. లీటరు రక్తములో అది 135 నుండి 145 వరకు ఉండవలెను. శ్రమకాలములో మూత్రమును నిలిపి ఉంచు స్రావము మెదడునుండి వెలువడుచుండును. అట్టి సమయమున వట్టి నీరు మితిమీరి పోసినచో బయటికి పోలేక రక్తమును పలుచన చేయును. ఆ నీరు కణములలోనికి చొరబడి వానిని ఉబ్బించును. చేతివ్రేళ్ళు ఉబ్బినను చోటున్నది. పుఱ్ఱెలోని మెదడునకు చోటెక్కడిది? తలనొప్పి, వాంతి, మతిమరపు, ముదిరిన మూర్ఛ, మరణము కూడ కలుగవచ్చును. వైద్యుడు గాఢమైన ఉప్పునీటి సెలైను కొద్ది మోతాదులో ఎక్కించి, కడుపులోనికి నీరు బందు చేసెను. సాయంకాలమునకు మేనల్లుని పేరు జ్ఞప్తికి వచ్చినది.

ఇది నా ఒక్కని వింత కాదు. 2002లో బోస్టన్ మారథాన్ పరుగెత్తినవారిలో 488 మంది రక్తము పరీక్షింపగా 13 శాతము మందికి సోడియము తగ్గియున్నదని 2005లో ప్రకటించిరి. అందెక్కువగా చిక్కుకొన్నవారు బలహీనులు కారు. పరుగులో బరువు పెరిగినవారు, నాలుగు గంటలకు పైగా మెల్లగా సాగుచు త్రాగుచు పోయినవారు. ఆ యేటి పరుగులోనే ఒక యువతి ఈ కారణముచేతనే మరణించినది.

ఇంటికి వచ్చి అష్టాంగహృదయము తెరచితిని. శరదృతువు, గ్రీష్మము తప్ప తక్కిన కాలములలో ఆరోగ్యవంతుడైనను నీరు కొద్దిగానే త్రాగవలెనని వాగ్భటుడు స్పష్టముగ చెప్పెను. వ్యాయామమును బలములో సగముమేరకే చేయవలెననియు, మితిమీరినవాడు ఏనుగును ఈడ్వబోయిన సింహమువలె నశించుననియు చెప్పెను. ఈ రెండు మాటలు నేను కళాశాలలో వల్లించినవే. మరి లీటర్ల కొలది నీటి సిద్ధాంతము నాకెక్కడనుండి వచ్చినది? ఆలోచింపగా, 1990 ప్రాంతమున ఇంటింట వ్యాపించిన జలచికిత్సా కరపత్రములనుండి వచ్చినదని తోచుచున్నది. లేవగానే లీటరుంబావు నీరు త్రాగిన సకల రోగములు పోవునని వానిలో ఉండెడిది. దానికి ఆయుర్వేదమను ముద్ర వేసినవారిలో నేనును ఒకడను. ఇది నాకు సైకిలు దినముకంటె ఎక్కువ సిగ్గు కలిగించిన సంగతి.

ఇట్లనుటచేత నీరు మానుడని నేను చెప్పుటలేదు. వైశాఖమున విజయవాడలో ఎండన పడి నడచువానికి నిజమైన ఎండదెబ్బ తగులును. ఒళ్ళు కాలిపోవుచు, మాట తడబడినచో అతనిని నీడకు చేర్చి, తడిపి, విసరుచు ఆసుపత్రికి పరుగెత్తించవలెను. ఎక్కువసేపు శ్రమించినవాడు వాంతి చేసికొని తికమకపడినప్పుడు అది ఏ దెబ్బయో ఇంటిలో తేల్చుట మనవల్ల కాదు. నోటిలో నీరు పోయుటగాని, చిట్కా వెదకుటగాని చేయక వైద్యునికి చూపవలెను. పథ్యము చెప్పుటయే వృత్తిగా బ్రతికిన నాకు ఈ వాక్యము వ్రాయుట సులభము కాదు.

ఇప్పుడు నేను సైకిలుపై రెండు సీసాలు పెట్టుకొందును. ఒకదానిలో వట్టి నీరు, రెండవదానిలో పలుచని మజ్జిగ, లీటరునకు అర చెంచా ఉప్పు, కొంచెము అల్లము. ఉప్పు వేసినంతమాత్రమున ఎంతైన త్రాగవచ్చునని అనుకొనరాదు, అతిగా త్రాగినచో మజ్జిగయు అదే పని చేయును. రక్తపోటు ఉన్నవారు ఉప్పు విషయము తమ వైద్యుని అడిగి చేయవలెను. గంట లెక్క మానివేసితిని, దాహమైనప్పుడే త్రాగుచున్నాను. ఉంగరము తీసి ఇంటిలో పెట్టుచుంటిని, మా ఆవిడ అందుకు నన్ను అనుమానముగ చూచుచున్నది. మరల శిబిరమునకు రమ్మని ఆ కుర్ర శిక్షకుడు పిలిచెను. వత్తునంటిని. బారులో కడపట ఉందునని, ఘాటులో మూడుచోట్ల ఆగుదునని ముందే చెప్పితిని. "అలాగే మాస్టారూ, కాటా కూడా తెస్తాను" అనెను.