గేటు దగ్గర మొదలయ్యే దడ

పొద్దున తొమ్మిదింటికి విప్రో సర్కిల్‌లో షేర్ ఆటో దిగి నానక్‌రామ్‌గూడ వైపు నడిస్తే రోజూ ఒకే దృశ్యం కనిపిస్తుంది. మెడలో ట్యాగులు వేసుకున్నవాళ్లు టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటూ జోకులేసుకుంటుంటారు. వాళ్లకి కాస్త దూరంలో ఒకరో ఇద్దరో నిలబడి ఉంటారు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, కళ్లు ఫోన్లో. టిఫిన్ ముట్టరు, నీళ్లు మాత్రం తాగుతుంటారు. ఆ ఫైలు చూస్తే చాలు, ఇంటర్వ్యూకి వచ్చారని తెలిసిపోతుంది.

ఏడేళ్ల కిందట ఆ ఫైలు నా చేతిలో ఉండేది. పదింటికి ఇంటర్వ్యూ అంటే ఎనిమిదింటికే వచ్చేశా. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న రిజిస్టర్ ఇస్తే, నా సొంత ఫోన్ నంబరే రెండుసార్లు తప్పు రాశా. లోపల ఏసీ గదిలో కూడా చెమటలు. మొదటి ప్రశ్న: ఇచ్చిన సంఖ్యల్లో రెండో పెద్ద సంఖ్యను కనుక్కునే ప్రోగ్రామ్ రాయండి. హాస్టల్లో జూనియర్లకి నేనే నేర్పిన ప్రశ్న అది! మార్కర్ పట్టుకుని వైట్‌బోర్డు ముందు నిలబడితే ఒక్క లైన్ కూడా రాలేదు. ‘పర్లేదు, టైమ్ తీసుకోండి’ అన్నారాయన. ఆ మాటకి ఇంకా బిగుసుకుపోయా. సాయంత్రం హాస్టల్‌కి వచ్చి, మంచం మీద కూర్చుని అదే ప్రోగ్రామ్ రాశా. నాలుగు నిమిషాలు పట్టింది.

ఉద్యోగం రాలేదన్న బాధ వారంలో తగ్గింది. ఆ నాలుగు నిమిషాలు మాత్రం చాలాకాలం సతాయించాయి. వచ్చిన జవాబు ఆ గదిలోకి వెళ్లేసరికి ఎక్కడికి పోయింది?

ప్రయోగశాలలోనూ ఇంటర్వ్యూనే

ఇంటర్వ్యూ అంటే భయమేస్తే అది మీ ఒక్కరి పిరికితనం అనుకోకండి. 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయం పరిశోధకులకి ఒక అవసరం వచ్చింది. ప్రయోగశాలలో మనిషికి కచ్చితంగా ఒత్తిడి పుట్టించాలి. ఎలా? వాళ్లు పాముల్నీ చీకటి గదుల్నీ నమ్ముకోలేదు. ఉత్తుత్తి ఉద్యోగ ఇంటర్వ్యూ పెట్టారు. ప్యానెల్ ముందు నిలబడి, ఈ ఉద్యోగానికి నేనెందుకు తగినవాణ్నో ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆ తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి చెప్పాలి. తప్పితే మళ్లీ మొదటికి. ప్యానెల్‌లో ఎవరూ నవ్వరు, తల కూడా ఊపరు. అంతే, గుండె వేగం పెరుగుతుంది, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరుగుతుంది. ఒత్తిడి మీద పరిశోధనల్లో ఇప్పటికీ ఈ పరీక్షనే విరివిగా వాడుతున్నారు. కాబట్టి గేటు దగ్గర మీ గుండె కొట్టుకుంటోందంటే మీ శరీరం బాగానే పనిచేస్తోందని అర్థం.

మన రంగానికే సంబంధించిన ప్రయోగం ఇంకోటి ఉంది. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులతో చేశారు. కొందరు పరీక్షకుడు చూస్తుండగా, తమ ఆలోచనని పైకి చెబుతూ వైట్‌బోర్డు మీద కోడ్ రాయాలి. మిగిలినవాళ్లు గదిలో ఒంటరిగా వైట్‌బోర్డు మీదే రాసుకోవచ్చు. ఎదురుగా మనిషి ఉన్నవాళ్ల ప్రతిభ సగానికి పైగా పడిపోయింది. వాళ్లలో అమ్మాయిలు ఒక్కరూ నెగ్గలేదు. ఒంటరిగా రాసిన అమ్మాయిలంతా నెగ్గారు. ఇది చిన్న ప్రయోగమే, ఈ అంకెల్ని ప్రపంచం మొత్తానికీ అంటగట్టకూడదు. కానీ నా నాలుగు నిమిషాల చిక్కుముడి నాకు ఇక్కడే విడిపోయింది. నాకు రానిది ఆ ప్రోగ్రామ్ కాదు. ఒకరు చూస్తుండగా ఆలోచించడం నాకు రాదు.

గట్టు మీద ఈత

మన ప్రిపరేషన్ ఎలా సాగుతుందో ఒకసారి చూడండి. అమీర్‌పేట నోట్సులు, యూట్యూబ్ వీడియోలు, వందల కొద్దీ కోడింగ్ ప్రశ్నలు. ఇవన్నీ చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా చేసేవే. అక్కడ అడిగేది వేరు. జవాబు ఆలోచించాలి, అదే సమయంలో ఇంగ్లిష్‌లో చెప్పాలి, ఎదుటివాళ్ల మొహం చూడాలి. ఏనాడూ కలిపి చేయని మూడు పనుల్ని మొదటిసారి ఇంటర్వ్యూ గదిలోనే కలిపి చేస్తున్నాం. గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకుని, నేరుగా చెరువు మధ్యలో దూకుతున్నాం.

ఇంట్లోవాళ్లు ‘భయపడకు నాన్నా, ధైర్యంగా వెళ్లు’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ భయపడకు అంటే భయం పోతుందా? హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో పాట పాడటం, ప్రసంగం చెప్పడం, లెక్కలు చేయడం వంటి పనులు పెట్టారు. ఆ పనికి ముందు ‘నేను ప్రశాంతంగా ఉన్నా’ అనుకున్నవాళ్ల కంటే ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అనుకున్నవాళ్లు మెరుగ్గా చేశారు. కారణం ఊహించగలం. గుండె అంత వేగంగా కొట్టుకుంటుంటే ప్రశాంతంగా ఉన్నానంటే మన ఒళ్లే నమ్మదు. క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్లోనూ గుండె అలాగే కొట్టుకుంటుంది కదా, దాన్ని మనం భయం అనం.

కాబట్టి భయం పోయాక వెళ్దాం అని కూర్చోవద్దు. భయంతోనే పని చేయడం అలవాటు చేసుకోవాలి. అది కూడా కోడింగ్ లాగే ప్రాక్టీస్‌తో వచ్చేదే.

ఏం చేయాలి?

మొదటిది, మీ రూమ్మేట్‌ని ప్యానెల్ చేయండి. రోజుకి ఒక్క ప్రశ్న, ఇరవై నిమిషాలు. అతను కుర్చీలో కూర్చోవాలి, నవ్వకూడదు, మధ్యలో ‘ఎందుకు?’ అని అడగాలి. మీరు నిలబడి, ఆలోచనని పైకి చెబుతూ రాయాలి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి వారం తెలుగులోనే వివరించండి. పైకి ఆలోచించడం అలవాటయ్యాక ఇంగ్లిష్‌లోకి మారండి. రెండు భయాల్ని ఒకేసారి నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. వారం తిరిగేసరికి రూమ్మేట్ ముందు సిగ్గు పోతుంది. అప్పుడు పక్క గది సీనియర్‌ని పిలవండి. పరిచయం తక్కువ ఉన్నవాళ్ల దగ్గరికి మెల్లగా వెళ్లాలి.

రెండోది, వీలైతే ముందురోజే వచ్చి చోటు చూసుకోండి. మెట్రోలో వస్తే రాయదుర్గమే ఆఖరి స్టేషన్, అక్కడి నుంచి మళ్లీ ఆటోనో బస్సో పట్టుకోవాలి. గేటు ఎటు వైపో తెలియక భవనం చుట్టూ తిరిగినవాళ్లని చాలామందిని చూశా. అద్దాల భవనాలు కూడా కొత్తవాళ్లని భయపెడతాయి. 2019 ఆగస్టులో ఇక్కడ అమెజాన్ తెరిచిన క్యాంపస్‌లో 15 వేల మందికి పైగా పనిచేసే చోటుంది. ప్రపంచంలో తమ భవనాలన్నిటికంటే ఇదే పెద్దదని ఆ సంస్థే అప్పట్లో చెప్పింది. అలాంటి దాని ముందు మొదటిసారి నిలబడితే ఎవరికైనా తాము చిన్నగా అనిపిస్తారు. రెండోసారికి అది ఒక భవనం, అంతే.

మూడోది, పొద్దున్నే లేచాక ఒక కాగితం మీద పది నిమిషాలు మీ భయాలన్నీ రాసేయండి. ‘బ్లాంక్ అయిపోతానేమో, నాన్న చేసిన అప్పు తీరదేమో’, ఏదైనా సరే. పరీక్షకి ముందు ఇలా రాసుకున్న ఆందోళనపరులైన విద్యార్థులకి మార్కులు మెరుగుపడ్డాయని 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చెబుతోంది. తలలో తిరిగే గోల కాగితం మీదకి దిగితే, ప్రశ్నకి తలలో కాస్త చోటు దొరుకుతుంది. తర్వాత ఆ కాగితం చింపేయొచ్చు. టిఫిన్ మాత్రం మానొద్దు. ఖాళీ కడుపులో రెండు కాఫీలు పోస్తే వచ్చే వణుకుని కూడా భయం అనుకుంటాం. టెన్షన్ తగ్గుతుందని ఫ్రెండ్ ఇచ్చిన మాత్ర డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. పిలుపు కోసం కూర్చున్నప్పుడు గాలి మెల్లగా పీల్చి, అంతకంటే మెల్లగా వదలండి. ఐదారుసార్లు చాలు.

లోపల ఇరుక్కుపోతే? ‘ఒక్క నిమిషం ఆలోచించుకోవచ్చా?’ అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో ముందే బట్టీ పట్టండి. ఆ తర్వాత మీకు తెలిసిన అతి మామూలు పద్ధతి చెప్పండి, నెమ్మదిగా ఉన్నా పర్లేదు. మౌనంగా ఉంటే మీ తలలో ఏముందో వాళ్లకి తెలిసే దారే లేదు.

ఒక్క జవాబు తప్పితే అంతా అయిపోయినట్టు కాదు. మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూకి వెళ్లారు. రోడ్డు మీద పసిబిడ్డ పడి ఏడుస్తుంటే ఏం చేస్తావని అడిగితే, ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేస్తానన్నారు. ముందు ఆ బిడ్డని ఎత్తుకోవాలయ్యా అన్నారు అడిగినాయన. ఈ సంగతిని నాదెళ్ల తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాసుకున్నారు. అయినా ఉద్యోగం వచ్చింది. 2014లో ఆయన ఆ సంస్థకే సీఈఓ అయ్యారు.

బరువంతా పిల్లల మీదేనా?

కాలేజీలు ప్లేస్‌మెంట్ శిక్షణ అంటూ ఫైనలియర్‌లో వారం రోజులు హాల్లో రెండొందల మందిని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇప్పిస్తాయి. దానికంటే రెండో ఏడాది నుంచే ల్యాబ్ పీరియడ్‌లో ప్రతి ఒక్కరినీ నెలకోసారి బోర్డు దగ్గరికి పిలిస్తే మేలు. ఖర్చేమీ లేదు. కంపెనీలు కూడా ఆలోచించాలి. ప్రశ్న ఇచ్చి పది నిమిషాలు ఒంటరిగా వదిలేసి, తర్వాత వచ్చి వివరించమంటే నష్టమేంటి? చూస్తుంటే తడబడేవాళ్లని, పని రానివాళ్లని ఒకే గాటన కట్టేస్తే, పనిమంతుల్ని మీరే గేటు నుంచి వెనక్కి పంపినవాళ్లవుతారు.

ఇంకో మాట. ఇంటర్వ్యూ అయిపోయినా రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతకాలనిపించకపోయినా అది మామూలు టెన్షన్ కాదు. ‘టెలీ మానస్’ నంబర్ 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఈ సేవ ఉచితం, పగలైనా రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆ మొదటి ఇంటర్వ్యూ తర్వాత రెండు నెలలు నా రూమ్మేట్ మొహం మీద నవ్వు లేకుండా నన్ను పీక్కుతిన్నాడు. మళ్లీ నానక్‌రామ్‌గూడకే, ఇంకో గేటుకి వెళ్లా. దడ తగ్గలేదు, చేతులు చల్లబడ్డాయి. మధ్యలో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయి, ఒక్క నిమిషం అడిగా. ఇచ్చారు. ఉద్యోగం వచ్చింది. ఆ రోజు గేటు దగ్గర రిజిస్టర్‌లో ఫోన్ నంబర్ కూడా మొదటిసారే సరిగ్గా రాశా.

మీకు వచ్చే వారం ఇంటర్వ్యూ ఉంటే, ఈ పేజీ మడిచి పక్కన పెట్టండి. రూమ్మేట్‌ని లేపి కుర్చీలో కూర్చోబెట్టండి.