మాయ తప్పుకు బహూకి సజానా?

నెలలు నిండి కూడా బచ్చా రెండు కిలోలే తూగితే మన ఇళ్ళలో వెంటనే అదాలత్ కూర్చుంటుంది. ముజ్రిమ్ ఎప్పుడూ ఒక్కరే: బహూ. "సరిగ్గా తినలేదు", "మగ్రిబ్ వేళ బయట తిరిగింది", "ఎవరి నజరో తగిలింది". నేనడుగుతున్నా, కడుపులో బిడ్డకు గిజా అందించే మాయ గురించి ఈ అదాలత్‌లో ఒక్కరైనా మాట్లాడారా?

హకీకత్ ఇదీ. తల్లి తిన్నది నేరుగా బిడ్డ నోట్లోకి పోదు. ఆమె ఖూన్‌లోని ఆక్సిజన్, గిజా మాయ దాటి బొడ్డుతాడు గుండా చేరాలి. హమల్ తొలి నెలల్లో గర్భసంచి రక్తనాళాలు వెడల్పు కావాలి. అవి ఇరుకుగానే ఉండిపోతే మాయకు ఖూన్ చాలదు. అప్పుడు తల్లికి రోజూ బాదం, పాయా పెట్టినా బిడ్డ పెరగదు. అందిన కాస్తా ముందు దిమాగ్‌కీ, దిల్‌కీ మళ్ళించుకుంటుంది. అందుకే చాలాసార్లు తల మామూలుగా, పొట్ట చిన్నగా కనిపిస్తుంది.

తిండి ముఖ్యం కాదని నేననట్లేదు. రక్తం తక్కువున్న హామిలాకి తిండీ, ఐరన్ గోలీలూ కావాల్సిందే. కానీ మాయ దెబ్బతిన్న చోట తిండి ఇలాజ్ కాదు. దాన్ని దెబ్బతీసేవి హై బీపీ, పాత షుగర్, కిడ్నీ జబ్బు, పొగాకు. ఒక్కోసారి ఏ సబబూ దొరకదు. మరి ఇంట్లోనే సిగరెట్ కాల్చే షౌహర్‌ని బోనెక్కించరేం? ఆ పొగ కూడా బిడ్డ బరువు తగ్గిస్తుంది.

చెడిన మాయను బాగుచేసే దవా ఇప్పటికీ లేదు. ఉన్నది నిఘా ఒక్కటే. 24 వారాల తర్వాత టేపుతో పొట్ట కొలిస్తే సెంటీమీటర్లు దాదాపు వారాలతో సరిపోవాలి. తగ్గితే స్కాన్, డాప్లర్. బొడ్డుతాడులో ఖూన్ ఎలా పారుతోందో చూసి, బిడ్డను లోపలే ఉంచాలో, ముందే కాన్పు చేయాలో డాక్టర్ ఫైసలా చేస్తారు. ఖత్రా ఎక్కువున్న వాళ్ళకు 16 వారాల లోపే మొదలుపెట్టే చిన్న మోతాదు ఆస్ప్రిన్ కొంత కాపాడుతుంది. అదీ డాక్టర్ చెబితేనే.

ఇవన్నీ ఉండగా "మొన్ననే చూపించాంగా" అంటూ చెకప్ మాన్పించింది ఎవరు? బిడ్డ కదలిక తగ్గిందని బహూ చెబితే "నీ వహమ్" అని కొట్టిపారేసింది ఎవరు?

నజర్ దించండి, దువా చేయండి, నేను అడ్డురాను. కానీ కదలిక తగ్గిన ఆ రోజే దవాఖానాకు తీసుకెళ్ళండి. కడుపులో ఉన్నప్పుడు కొలవనివ్వని వాళ్ళకు, పుట్టాక తూకం వేసి తల్లిని నిలదీసే హక్ లేదు.