ఆలిచిప్ప చెప్పే పాఠం

పుట్టుకే సర్వస్వమని వాదించేవారికి పులికాట్ సరస్సులోని ఆలిచిప్పను చూపాలని మా అభిప్రాయం. ఈశాన్య ఋతుపవనాల వేళ సరస్సు నీటిలో ఉప్పు పలచబడుతుంది, వేసవిలో చిక్కనవుతుంది. అంటుకొన్న చోటు నుండి కదలలేని ఆ ప్రాణి రెండింటినీ ఓర్చుకొంటుంది. అందుకై దాని జన్యువులు మారవు; ఏ జన్యువు ఎప్పుడు పనిచేయాలన్నదే మారుతుంది. డీఎన్‌ఏపై చేరే మిథైల్ గుర్తులకు ఈ నియంత్రణలో గల పాత్రపై పరిశోధనలు సాగుతున్నాయి. 2012లో వెలువడిన పసిఫిక్ ఆలిచిప్ప జన్యుపటంలో, తాపాన్ని తట్టుకొనడానికి తోడ్పడే ఒకే కుటుంబపు జన్యువులు 88 కనిపించాయి.

అయితే ఓర్పుకూ హద్దున్నది. రాయదొరువు వద్ద ముఖద్వారం ఇసుకతో పూడి, సముద్రజలం రాకపోకలు నిలిచిపోతే ఏ జన్యువూ ఆదుకోలేదు. విద్యార్థి విషయమూ ఇంతే. అతని వంశాన్ని నిందించే ముందు, మనం అతనికి అందించిన నీరు ఎట్టిదో విచారించుకొందాం.